ఇనుము మరిచిన అరవై ఏళ్లు

గడ్డరనే ఇనప దూలం మీద అరచెయ్యి పట్టేంత మేర రంగు గీకి, తుప్పు వదిలించి, లోపలి ఇనుము తెల్లగా మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దడం నూకరత్నం పని. ఒక్కో గడ్డరుకీ మూడు చోట్ల అలా రుద్దాలి. రుద్దాక పక్కన సుత్తితో నంబరు పంచ్ కొట్టాలి. ఏడో తరగతి దాకా చదివింది, అంకెలు తప్పు పోవు అని ఆ పని ఆమెకే ఇచ్చారు. ఆమె పక్కకి తప్పుకోగానే యార్డు లాబ్ చూసే ఇందుమతి మేడమ్ వచ్చి, గీకిన చోట కుంకుమ భరిణంత పెట్టెని ఆనించి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్లు మూసుకునేవారు.

దేశంలో కొత్త ఉక్కు పోయడానికి కోటా పెట్టి అప్పటికి ఆరేళ్లు. పొగ తగ్గాలంటే కొలుములు తగ్గాలన్నారు. అప్పట్నుంచి కూల్చేసిన మిల్లులూ, సినిమా హాళ్లూ, గోడౌన్లలోంచి ఊడదీసిన గడ్డర్లే మళ్లీ కొత్త కట్టడాల్లోకి వెళ్లాలి. అవి లారీల మీద గాజువాక అవతల, ఆటోనగర్ చివరనున్న ఈ యార్డుకి వచ్చేవి. వచ్చినవాటిలో ఏది ఇంకా మొయ్యగలదో, ఏది మోసి మోసి లోపల అలిసిపోయిందో పైకి తెలీదు. చిన్న ముక్క కోసి, యంత్రంలో బిగించి రెండు వైపులా లాగితే ఎంత బలానికి తెగుతుందో తెలుస్తుంది. కానీ అలిసిన గడ్డరు కూడా ఆ ఒక్కసారికి బింకంగా నిలబడుతుంది. ఏళ్ల తరబడి అదురుతూ మోసిన అలుపు ఆ పరీక్షలో బయటపడదు.

మేడమ్ కనిపెట్టిన పెట్టె ఆ అలుపుని వింటుంది. ఇనుములో కంటికి ఆనని అయస్కాంతపు రేణువులు ఉంటాయట. మీద పడ్డ ప్రతి బరువుకీ అవి కాస్త పక్కకి తిరిగి అలాగే ఉండిపోతాయట. ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా. ఆ పొరల్ని వెనక్కి వింటూ పోతే గడ్డరు పుట్టిన రోజుదాకా వెళ్లొచ్చు. ఇంకా ఎన్నేళ్లు మొయ్యగలదో లెక్కగట్టి చెప్పొచ్చు. పాతికేళ్లకి పైన మిగిలి ఉంటే ఆకుపచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క. యార్డులో అందరూ దీన్ని జాతకం చూడటం అనేవారు.

మొదట్లో ఒక సినిమా హాలు బాల్కనీ గడ్డరు వచ్చింది. మేడమ్ కళ్లు మూసుకునే దాని కథ పైకి చెప్పారు. రోజుకి నాలుగు ఆటలు. ఇక్కడెప్పుడో రెండు నెలలు హాలు మూసేశారు. ఇదిగో, ఈ సినిమాకి జనం లేచి గంతులేశారు, వంద రోజులు దాటి ఆడింది. క్రేను నడిపే గవర్రాజు కిందకి దిగొచ్చి, ఆ సినిమాలో హీరో ఎవరో కూడా చెప్పమని మేడమ్‌ని అడిగాడు. ఆ రోజు అందరూ నవ్వారు. రత్నం మాత్రం బాల్కనీలో అంత మంది గంతులేస్తే అది కింద వాళ్ల మీద పడలేదు కదా అని అడిగింది. పడలేదని మేడమ్ చెప్పాకే మళ్లీ కాగితం చేతిలోకి తీసుకుంది.

రత్నానికి భయం కొత్త కాదు. మొగుడు అప్పలస్వామి నాలుగు రోజుల జ్వరానికి పోయినప్పుడు కొడుకు త్రినాథ్‌కి మూడేళ్లు. అప్పట్నుంచి ఆమె వాడి మంచాన్ని ఫ్యాను కింద వెయ్యనివ్వలేదు. పాతికేళ్లొచ్చినా చేప ముళ్లు తనే ఏరి పెట్టేది. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే వీధి మొగదాకా వచ్చి నిలబడేది. రత్నం ఆకాశం వైపు చూడదు, ఎక్కడ ఊడి పడుతుందోనని, అని తోటి ఆడవాళ్లు ఆటపట్టించేవారు. ఆమె కోప్పడేది కాదు. వాళ్లకి తెలీదులే అనుకునేది.

అలాంటి మనిషి కొడుకు ఆ యార్డులోనే బెల్టులు కట్టే పనిలో చేరాడు. లారీ మీద గడ్డరు రెండు చివర్లా బట్ట బెల్టులు దూర్చి, క్రేను కొక్కేనికి తగిలించి, రెండు వేళ్లు పైకెత్తి చూపిస్తే గవర్రాజు ఎత్తేవాడు. ఎత్తిన గడ్డరు ఊగకుండా దాని పక్కనే చెయ్యి ఆనించి నడవాలి. యార్డుకి ఆ మూల ఇంకో క్రేను ఉండేది. దానికి బండి చక్రమంత గుండ్రటి అయస్కాంతం. చెత్త ఇనుము ఎత్తడానికి మాత్రమే దాన్ని వాడేవారు. గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంది: గడ్డర్లను బెల్టులతోనే ఎత్తవలెను. మాగ్నెట్ వాడరాదు. ఎందుకు వాడకూడదో రాయలేదు. కూలీలకి అది చెప్పాలని ఎవరికీ తోచలేదు.

వానాకాలం మొదట్లో పాత జనపనార మిల్లు గడ్డర్లు వచ్చాయి. అరవై ఏళ్లు మగ్గాల కింద అదిరిన గడ్డర్లు, మొత్తం నలభై ఆరు. మొదటి పదిహేను దింపాక, పదహారోది గాల్లో ఉండగా బెల్టు పుటుక్కున తెగింది. త్రినాథ్ ఇటు పక్కకి దూకాడు. అటు పక్కనున్న పోలారావు దూకలేకపోయాడు. మోకాలి కింద కాలు పోయింది.

రత్నం ఆ చప్పుడు విని పరిగెత్తుకొచ్చేసరికి కొడుకు నిలబడే ఉన్నాడు. వాడి చొక్కా మీద నెత్తురు వాడిది కాదు. అది వాడిది కాదని ఆమెకి అర్థమవడానికి చాలాసేపు పట్టింది. యార్డు మూసేసిన ఆ మూడు రోజులూ ఆమెకి ముద్ద దిగలేదు. వాణ్ని పని మానెయ్యమంది. మానేసి ఏం చెయ్యాలని వాడు అడిగాడు.

నాలుగో రోజు, యార్డు మళ్లీ తెరిచాక, ఆమె గవర్రాజు దగ్గరికి వెళ్లింది. గవర్రాజు వరసకి అన్న.

"అన్నా, ఆ మాగ్నెట్టు అక్కడ ఊరికే యేలాడతంది. దాంతో ఎత్తితే కింద మనిసి ఉండక్కర్లేదు కదేటి."

"గోడ మీద రాసింది కనబళ్లేదేటి నీకు?"

"కనబడింది. ఎందుకొద్దో రాయలేదు కదా."

గవర్రాజుకీ ఎందుకో తెలీదు. కరెంటు ఎక్కువ లాగుతుందని మానిపించి ఉంటారని అతను అనుకున్నాడు. అదే చెప్పాడు. మనిషి కాలు కంటే కరెంటు ఎక్కువా అని రత్నం అడిగింది. ఒక్కసారి ఆస్పత్రికి వెళ్లి పోలారావు కాలు పోయిన చోట దుప్పటి ఎలా పడుందో చూసి రమ్మంది. గవర్రాజు చూసే వచ్చాడు.

"నీతో పెద్ద గొడవమ్మా," అన్నాడు చివరికి. "రేపు ఆడికి పెళ్లయితే పీటల మీద కూడా హెల్మెట్టు ఎట్టిస్తావేటి?"

మర్నాడు ఆమె టిఫిన్ కేరేజీలో అతనికి వంజరం చేప పులుసు తెచ్చింది. ఒంటిగంట నుంచి రెండింటిదాకా సూపర్‌వైజరూ మేడమూ ఆఫీసులో భోజనానికి కూర్చుంటారు. ఆ గంటలో గవర్రాజు ఆ మూల క్రేను ఎక్కాడు. అయస్కాంతం గడ్డరు మీద వాలి, టప్‌మని అతుక్కుని, పూచికపుల్లలా లేపుకుపోయింది. త్రినాథ్ ఇరవై అడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రిజిస్టరులో ప్రతి గడ్డరుకీ ఎలా ఎత్తారో రాసే గడి ఉంటుంది. అక్కడ బెల్టు అని ముందే అచ్చై ఉంది. కింద సంతకం పెట్టడమే. వాడు పెట్టాడు.

తొమ్మిది మధ్యాహ్నాలు అలా గడిచాయి. 212 నుంచి 242 దాకా, ముప్ఫై ఒక్క గడ్డర్లు. ఆ తొమ్మిది రోజులూ రత్నం కడుపునిండా అన్నం తింది. తర్వాత మిల్లు సరుకు అయిపోయింది, సూపర్‌వైజరు భోజనం వేళ మారింది, కొత్త బెల్టులొచ్చాయి. పని మళ్లీ పాత దారిలో పడింది.

ఆ ముప్ఫై ఒక్కటీ విన్నప్పుడు మేడమ్ కళ్లు తెరిచి పెట్టెని రెండుసార్లు తట్టి చూశారు. మిల్లు నుంచి ముందొచ్చిన పదిహేను గడ్డర్లూ పూర్తిగా అలిసిపోయి ఉన్నాయి. వాటికి ఎర్ర చుక్కలు పెట్టేశారు. ఇవేమో నిన్ననే పోసినట్టు నిర్మలంగా ఉన్నాయి. లోపల ఏ బరువూ వినబడటం లేదు. ఆవిడకి అనుమానం వచ్చింది. రెండు గడ్డర్లలోంచి ముక్కలు కోయించి లాగించారు. బింకంగా నిలబడి తెగాయి. కూల్చిన కాంట్రాక్టరుని అడిగితే, మిల్లులో ఒక షెడ్డు ఆఖరి రోజుల్లో వేసి, మగ్గాలు పెట్టకుండానే వదిలేశారని విన్నట్టు గుర్తని అన్నాడు. అయితే ఇవి ఆ షెడ్డువై ఉంటాయని మేడమ్ సమాధానపడ్డారు. రత్నం చేతే ఆకుపచ్చ చుక్కలు పెట్టించారు. మంచి సరుకు, నా చేతి మీదుగా వెళ్తోంది, అని రత్నం సంతోషపడింది కూడా.

పదకొండు గడ్డర్లు జంక్షన్ దగ్గర హైవే మీద కాలినడక వంతెనకి వెళ్లాయి. ఇరవై ఆడపిల్లల హాస్టల్ మేడకి వెళ్లాయి.

వంతెన తెరిచిన ఎనిమిది నెలలకి ఒక శుక్రవారం పొద్దున్న, అమ్మవారి ఊరేగింపు చూడటానికి జనం వంతెన ఎక్కినప్పుడు నడిమి గడ్డరు విరిగింది. ముగ్గురు పోయారు. అందులో ఒకామె వంతెన మెట్ల దగ్గర పనస తొనలు అమ్మే మంగ. రత్నం వారానికోసారి ఆమె దగ్గర ఆగేది. కొసరు వెయ్యకుండా మంగ ఎప్పుడూ పొట్లం కట్టలేదు.

విచారణకి కమిటీ వేశారు. ఊరేగింపు రోజు జనం మితిమీరి ఎక్కడం వల్లే జరిగిందని పది రోజుల్లో కమిటీ ఒక అభిప్రాయానికి వచ్చేసింది. తప్పు తన పెట్టెదేనని మేడమ్ వాళ్లకి ఉత్తరం రాశారు. దానికి కమిటీ పెద్ద ఆఫీసరే వచ్చి ఆవిణ్ని మందలించి వెళ్లాడు. ఆ పెట్టె చుక్క పెట్టిన గడ్డర్లు ఊళ్లో నాలుగు వేలున్నాయి. పెట్టె తప్పంటే నాలుగు వేలూ దింపాలి. ఏది దింపాలో చెప్పగలిగితే చెప్పండి, లేకపోతే జనాన్ని బెదరగొట్టకండి, అన్నాడట.

విరిగిన గడ్డరు రెండు ముక్కలుగా యార్డుకి తిరిగొచ్చింది. వాటిని లాబ్‌లోకే తీసుకొచ్చి బల్ల మీద పెట్టారు. మేడమ్ అప్పటికి సరిగ్గా తిని ఎన్ని రోజులైందో. చీర కుచ్చిళ్లు ఒక వైపుకి జారిపోయి ఉన్నాయి. రంగు గీకమని రత్నాన్ని పిలిచారు. గీకుతుంటే రంగు కింద ఆమె కొట్టిన పంచ్ బయటపడింది. 219.

మేడమ్ పెట్టెని ఆనించి చాలాసేపు విన్నారు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి రత్నానికి ఇచ్చారు. ఇన్నేళ్లలో రత్నం వాటిని చెవులకి పెట్టుకోవడం అదే మొదలు.

మూకుట్లో ఆవాలు చిటపటమన్నట్టు వినబడింది. కాసేపు దట్టంగా, కాసేపు పలచగా.

"దట్టంగా ఉన్నది పొద్దున్న రద్దీ," అన్నారు మేడమ్. "పలచగా ఉన్నది మధ్యాహ్నం. ఇప్పుడొచ్చేది ఆదివారం, చూడు, ఎంత నింపాదిగా నడిచారో."

రత్నం వింది. అందులో ఎక్కడో మంగ బుట్ట దింపుకుని మెట్లెక్కిన అడుగులూ ఉంటాయి. అలా వెనక్కి ఎనిమిది నెలల ఆదివారాలు అయ్యాక ఆవాల చిటపట ఆగిపోయింది. తర్వాత ఉత్త హోరు.

"అంతే," అన్నారు మేడమ్. "అంతకుముందు ఏమీ లేదు. కానీ విరిగిన చోట చూడు. ఈ నల్లటి గీతలు ఎనిమిది నెలల్లో పడేవి కావు. ఏళ్లు పట్టింది. ఇది మగ్గాల కింద ఉన్న గడ్డరే. ఆ అరవై ఏళ్లూ నా పెట్టెకి ఎందుకు వినబడలేదు రత్నం?"

ఆ ప్రశ్న తనని అడిగింది కాదని రత్నానికి తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు. ఇనుము మర్చిపోతుందా మేడమ్ గారూ, అని అడిగింది.

"మర్చిపోదు. పెద్ద మాగ్నెట్ తగిలితే తప్ప. అది తగిలితే లోపలి రేణువులన్నీ ఒక్క దెబ్బకి ఒకే వైపు తిరిగిపోతాయి. గుర్తులన్నీ చెరిగిపోతాయి. అలుపు మాత్రం ఎక్కడికీ పోదు, లోపలే ఉంటుంది. అందుకే కదా గోడ మీద రాయించాను." మేడమ్ బల్ల మీది రిజిస్టరుని వేలితో తోశారు. "అదీ చూశాను. మీ త్రినాథ్ ఒక్క గడ్డరు వదలకుండా సంతకం పెట్టాడు. అన్నీ బెల్టుతోనే ఎత్తారు. కాబట్టి తప్పు నాదే. ఎక్కడో లెక్క తప్పాను. అదెక్కడో తెలీకుండానే నేను చచ్చిపోతానేమో."

రత్నం చేతిలో గరుకు కాగితం నలిగిపోయింది. ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, నీళ్లు తాగొస్తానని చెప్పి బయటికి వచ్చింది. గోడ మీద అక్షరాలు అలాగే ఉన్నాయి. వాటి కింద కూర్చుండిపోయింది.

ఎప్పుడూ ఏదో జరుగుతుందని ఆమె భయపడుతూనే వచ్చింది. జ్వరాలు, లారీలు, కరెంటు తీగలు, కుక్కలు. వాడికి రాగల ప్రతి కష్టాన్నీ ముందే ఊహించి పెట్టుకుంది. తన చేతుల మీదుగా ఇంకొకరికి కష్టం రావచ్చన్నది ఆ ఊహల్లో ఎన్నడూ లేదు.

గవర్రాజుతో ముందు మాట్లాడింది. అతను క్రేను మెట్ల మీద కూర్చుని అంతా విన్నాడు. వంతెన పడ్డ రోజు నుంచి ఆ మూల క్రేను ఎక్కలేదని చెప్పాడు. నేనే మాగ్నెట్టు వేశానని చెప్పుకో, నేను కాదనను, అన్నాడు. కానీ సంతకాలు నీ కొడుకువి, ముందు వాడిని అడుగు, అని మొహం తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం త్రినాథ్ అన్నం తింటుండగా చెప్పింది. వాడు ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగాడు.

"నాకు తెలుసమ్మా," అన్నాడు. "ఎందుకన్నది తెలీదు గానీ, ఆ గడ్డర్లే అని వంతెన పడ్డ రోజే తెలిసింది. ఆ వంతెనకి ఎల్లినాటిని లారీ ఎక్కించింది నేనే."

"మరి చెప్పలేదేటిరా?"

"చెప్పి ఏటి చెయ్యమంటావు? ముగ్గురు పోనారు. సంతకం నాది. నన్ను తీసుకెల్లిపోతారు." వాడి గొంతు పెరగలేదు. "నేను నిన్ను అడిగానేటమ్మా, మాగ్నెట్టు ఎట్టించమని? పోలారావు కాలు పోనాక కూడా నేను బెల్టు కడతాననే అన్నాను. నువ్వే ఎల్లి కాళ్లు పట్టుకున్నావు."

ఆమె ఒప్పుకుంది. అదంతా తనే చేసింది.

"ఇంకా ఇరవై ఉన్నాయిరా. ఆడపిల్లల హాస్టల్లో."

"నిలబడే ఉన్నాయి కదా. అన్నీ పడిపోవాలని రాసుందేటి?" అన్నాడు. "నేను బస్సు దిగడం పది నిమిషాలు లేటయితే రోడ్డు మీదకొచ్చి నిలబడతావు. నేను జైల్లో ఉంటే నువ్వు ఉండగలవా?" అని అడిగాడు.

ఆమె ఉండలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. వాడు కంచం పక్కకి తోసి లేచిపోయాడు. ఆమె ఆ కంచం అలాగే చూస్తూ కూర్చుంది. ఎవరికీ చెప్పొద్దని చెయ్యి కడుక్కునే చోటు నుంచి వాడు అన్నాడు. ఆమె సరేనంది. ఆ క్షణాన మనస్ఫూర్తిగానే అంది. కమిటీ వాళ్లే ఏమీ లేదన్నారు కదా అనుకుంది. చదువుకున్నవాళ్లు కదా అనుకుంది. రెండు రోజులు అలా అనుకుంటూ గడిపింది.

ఆదివారం ఆటో ఎక్కి హాస్టల్ దగ్గర దిగింది. ఎందుకెళ్తోందో తనకే తెలీదు. ఆ మేడని ఒక్కసారి చూస్తే గట్టిగా ఉందని నమ్మకం చిక్కుతుందేమోనన్న ఆశ. గేటు దగ్గర ఆయా, ఏ పాప తాలూకు అని అడిగింది. రత్నానికి ఏ పేరూ రాలేదు. దాహమేస్తోందని చెప్పింది. ఆయా మంచిది. లోపలికి రానిచ్చి, కింద భోజనాల హాల్లో బల్ల మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చింది.

తలెత్తితే గడ్డర్లు కనబడ్డాయి. పసుపు రంగు వేశారు. ఈ చివర నుంచి ఆ చివరకి లెక్కపెట్టింది. ఇరవై. గోడవారగా ఒకటి బల్ల ఎక్కితే అందేంత కిందకి ఉంది, దాని మీద పిల్లలెవరో రంగు కాగితాల దండ కట్టారు. పైన ఎంతమంది ఉంటారని అడిగింది. ఎనభై మంది, ఎవరూ ఒక చోట నిలబడరు, అని ఆయా నవ్వుతూ చెప్పింది. పరీక్షలైపోయాయి, ఇంక వీళ్లని పట్టలేం, పొద్దున్నించీ అదే గోల.

రత్నం బల్ల ఎక్కింది. ఏంటమ్మా అది అని ఆయా అంటూనే ఉంది. ఆమె గడ్డరుకి అరచెయ్యి ఆనించింది.

పైన ఆడపిల్లలు తాడాట ఆడుతున్నారు. ఆ గెంతు ఒక్కోటీ ఇనుములోంచి దిగి ఆమె అరచేతిలోకి వస్తోంది. ధప్. ధప్. ధప్. మధ్యలో ఎవరో తాడు తగిలి ఆగినట్టున్నారు, నవ్వులు. మళ్లీ మొదలు. హెడ్‌ఫోన్లు లేకుండానే వినబడుతోంది. ప్రతి గెంతుకీ లోపల ఆ నల్లటి గీత వెంట్రుకంత ముందుకి పోతున్నట్టు ఆమెకి తోచింది. ఆమె రెండు చేతులూ గడ్డరు కింద పెట్టి మోస్తున్నట్టు నిలబడిపోయింది. ఆయా వచ్చి పట్టుకుని దింపింది. బీపీ ఉందా అని అడిగింది. పిల్లల్ని గంతులెయ్యొద్దని చెప్పమ్మా, అని రత్నం అంది. అంతకంటే ఏం చెప్పాలో తెలీలేదు. చెప్తే వింటారేటి, అంది ఆయా.

తిరుగు ఆటోలో ఆమె ఎవరి గురించీ భయపడలేదు. ఏం చెయ్యాలో తెలిసిపోయింది. అది తెలిశాక ఏడుపు కూడా రాలేదు.

మర్నాడు త్రినాథ్‌కి సెలవు. ఆమె పెందరాళే లేచి అన్నం వండింది. వాడు ఇంకా పడుకునే ఉన్నాడు. మోకాళ్లు ముడుచుకుని గోడ వైపు తిరిగి, చిన్నప్పటిలాగే. చెప్పి వెళ్దామని దగ్గరికి వెళ్లింది. చెప్తే తను వెళ్లలేదు. దుప్పటి సర్ది తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

మేడమ్ లాబ్‌లోనే ఉన్నారు. కమిటీ నుంచి వేరే ఆఫీసరు ఒకాయన కూడా ఉన్నాడు. పెట్టెలన్నీ సీలు వేసి తీసుకుపోవడానికి వచ్చాడు. రత్నం గుమ్మంలో నిలబడి, ఎవరూ అడగకుండానే, 212 నుంచి 242 దాకా మాగ్నెట్టుతో ఎత్తించానని చెప్పింది. మొదట మేడమ్‌కి అర్థం కాలేదు. రెండోసారి చెప్పేసరికి అర్థమైంది. ఆవిడ గోడకి చేరబడి, కళ్లు మూసుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తిడతారని రత్నం ఎదురుచూసింది. తిట్టలేదు.

"ఎందుకొద్దో మీకు నేను చెప్పలేదు కదూ," అన్నారు చాలాసేపటికి. "రాయించాను. చెప్పలేదు."

తర్వాత ఆవిడ ఫోను అందుకున్నారు. హాస్టల్ వార్డెన్‌తో గట్టిగా, అప్పుడే, ఆ నిమిషమే పిల్లలందర్నీ కిందకి దింపి బయట మైదానంలోకి పంపమన్నారు. భోజనాల హాల్లో కూడా ఎవరూ ఉండకూడదన్నారు. ఫోను పెట్టకుండా చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డారు. అవతల పిల్లలు మెట్లు దిగుతున్న గోల ఈ గదిలోకి సన్నగా వినబడింది. అందరూ వచ్చేశారని వార్డెన్ చెప్పాక మేడమ్ కుర్చీలో కూలబడి ఏడ్చారు.

ఆఫీసరు రత్నాన్ని ఎదురుగా కూర్చోమని కాగితాలు తీశాడు. పెద్దాయన, నెమ్మదస్తుడు. క్రేను ఎవరు నడిపారు, ఏ వేళప్పుడు, ఎన్ని రోజులు అని అడిగి రాసుకున్నాడు. అడిగించింది తనేనని, గవర్రాజుని తనే బతిమాలానని, శిక్ష ఏదైనా తనకే వెయ్యమని రత్నం చెప్పింది. ఆయన అదీ రాసుకున్నాడు. తర్వాత రిజిస్టరు ఇటు తిప్పాడు.

"ఈ సంతకం కుదురుగా లేదు. మేడమ్ త్రినాథ్ అంటున్నారు. యార్డు జాబితాలో త్రినాథ్‌లు ఇద్దరున్నారు. ఇది ఎవరిది?"

రెండో త్రినాథ్ ఆర్నెల్ల కిందట పని మానేసి ఒడిశా వెళ్లిపోయాడు. వాడెక్కడున్నాడో ఎవరికీ తెలీదు. రత్నం ఆ గీతల వైపు చూసింది. పలక మీద మొదటి అక్షరం చెయ్యి పట్టుకుని దిద్దించింది తనే. తెలీదంటే తెలీదనే రాసుకునేవాడు ఆయన. మేడమ్ తలెత్తలేదు.

"కాండ్రేగుల త్రినాథ్," అంది.

"తండ్రి పేరు?"

"అప్పలస్వామి. లేరు."

"వయసు?"

"వచ్చే కార్తీకానికి ఇరవయ్యారు నిండుతాయి."

"మీకేమైనా అవుతాడా?"

"నా కొడుకు బాబూ."

ఆయన కలం ఆగింది. తర్వాత ఆ మాట కూడా రాశాడు. ఇప్పుడెక్కడున్నాడని అడిగాడు. ఇంట్లో ఉన్నాడని చెప్పి, వీధి పేరూ గుమ్మం గుర్తులూ చెప్పింది. ఆయన ఫోను తీసి, స్టేషనుకి ఆ గుర్తులే ఒక్కొక్కటిగా అప్పగించాడు.

"ఎల్లేవాళ్లని కాసేపు ఆగమనండి బాబూ," అంది రత్నం. "అన్నం వండి ఎట్టి వచ్చాను. ఇంకా తిని ఉండడు."